నాలుగు స్వరాల రాగాలు: 'మహతి', 'లవంగి' - ఒక పరిశీలన

ఎంగిలిపూల నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వినిపించే బతుకమ్మ పాటలను గుర్తు చేసుకోండి. వాటిలో చాలా పాటలు కొద్ది స్వరాల మధ్యనే తిరుగుతాయి. అయినా స్వరాలు చాలలేదని ఎవరూ అనరు. అదే పని కచేరీలో జరిగితే మాత్రం వివాదమవుతుంది. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది ప్రామాణిక లక్షణం కదా! మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) ఈ హద్దు దాటారు. రాగాలను సృష్టించానన్న ఆయన వాదాన్ని వైణికుడు ఎస్. బాలచందర్ బహిరంగంగా ఖండించారు.

స్వరాల లెక్క కంటే వాటి మధ్య సంబంధమే ముఖ్యమని మా అభిప్రాయం. నారదుని వీణ పేరు గల మహతిని చూడండి. ఇందులో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే ఉన్నాయి. హార్మోనియం మీద గ, ప, ని మాత్రమే వాయించండి. గ నుంచి ప మూడు మెట్లు, ప నుంచి ని కూడా మూడు మెట్లే. ఏది ఆధారమో చెవికి తేలదు. 'స' చేరగానే అన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. ఈ నాలుగూ కలిపి మోగిస్తే పాశ్చాత్యుల డామినెంట్ సెవెన్త్ కార్డ్ అవుతుంది. అది మధ్యమం మీదికి దిగాలని వారి చెవి ఎదురుచూస్తుంది. మహతిలో మధ్యమమే లేదు! నిషాదం తిరిగి షడ్జమానికే చేరాలి. ఆ తీరని ఎదురుచూపే ఈ రాగానికి అందం.

లవంగి ఇంకా సాహసం. స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం ఇందులోని స్వరాలు. రి, మ, ధ మూడూ కలిస్తే మేజర్ కార్డ్ అవుతుంది కనుక చెవి రిషభాన్నే ఆధారమనుకోబోతుంది. ఒక్క మెట్టు కింద తంబురా షడ్జమం దాన్ని వెనక్కి లాగుతుంది. 'ఓంకారాకారిణి' కృతిని ఈ దృష్టితో వినండి.

లోపం లేదని కాదు. కృతిలో నిలిచే ఈ రాగాలు దీర్ఘాలాపనలో త్వరగా అలసిపోతాయి. విన్న సంచారమే మళ్లీ వస్తుంది. 1975లో వచ్చిన తమిళ చిత్రం 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిలో ఒక పాటను మొదలుపెట్టి, చివరకు భైరవిలోకి మళ్లించారు. బహుశా ఆయనకూ నాలుగు స్వరాల హద్దు తెలిసి ఉంటుంది.

అభ్యాసం: తంబురా శ్రుతి ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి లవంగి స్వరాలను పాడండి. రిషభం ఎలా మారినట్లు వినిపించిందో పది వాక్యాలలో రాయండి.