పద్యం మోసిన గొంతు

ఆధునిక తెలుగు నాటకం విద్యార్థులతోనే నడక నేర్చింది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి, కొన్నాళ్ళు ఆడి వెళ్ళిపోయింది. వాళ్ళు వేసిన పాక మాత్రం మిగిలింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన దగ్గర చదువుకునే పిల్లల్ని పోగుచేసి, తానే నాటకం రాసి, ఆ పాకలోనే ఆడించారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన నాటకానికి మొదటి గురువు బడిపంతులు, మొదటి నటులు బడిపిల్లలు.

ఆ వరస తెగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి కళాశాలల మధ్య నాటిక పోటీలు పెట్టి, విద్యార్థి నాటకానికి ఒక గౌరవం తెచ్చారు. తరవాత విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళలు చదువుగా స్థిరపడ్డాయి. ఈ విభాగాల్లో ఏటా ఏ నాటకాలు వెయ్యాలన్న చర్చ జరుగుతుంది. ఆ జాబితాలో వచన నాటకం పక్కన ఒక పద్యనాటకం తప్పకుండా ఉండాలని నా గట్టి నమ్మకం. పాత వైభవం మీద మోజుతో అంటున్న మాట కాదిది. నటుడి గొంతుకు, ఊపిరికి, బుద్ధికి ఒకేసారి పని చెప్పే పాఠం మన దగ్గర అంతకు మించింది లేదు.

సాధన ఎలా ఉంటుందో చూడండి. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగం’లో రాయబార ఘట్టం తీసుకున్నారనుకుందాం. మంచి గురువు మొదటి రోజుల్లో హార్మోనియం ముట్టుకోనివ్వడు. పద్యాన్ని వచనంలా చదివిస్తాడు. కర్త ఎక్కడుంది, క్రియ ఎక్కడుంది, ఈ సమాసం ఎవరిని గురించి? అన్వయం తేలేదాకా కదలనివ్వడు. ఆ తరవాత ఛందస్సు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. మత్తేభానికి 20, యతి పద్నాలుగో అక్షరం. ఈ లెక్క తెలిస్తే పద్యం నడక చెవికి పట్టుబడుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. పాదం అయిపోయినచోట అర్థం అయిపోదు. మాట ఈ పాదంలో పుట్టి పై పాదంలో పూర్తవుతుంది. పాదం చివర ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలవుతుంది. అర్థం పూర్తయ్యేదాకా లాగితే ఊపిరి చాలదు. ఏ పదం తరవాత చిన్న విరుపు ఇవ్వవచ్చో, ఎక్కడ గుక్క తిప్పుకున్నా వినేవాడికి తెలియదో విద్యార్థి తానే వెతుక్కోవాలి. సీసపద్యం అయితే మరీ పరీక్ష. నాలుగు పెద్ద పాదాలు నడిచాక, కింద తేటగీతో ఆటవెలదో ఎత్తుకునేసరికి గొంతులో ఇంకా బలం మిగిలి ఉండాలి.

అప్పుడు శ్రుతి పెట్టుకుంటారు. రంగస్థలం మీద పద్యానికి తాళం కట్టు ఉండదు, రాగం ఉంటుంది. హార్మోనిస్టు నటుడి వెంట నడుస్తాడు. నటుడు ఆగితే ఆగుతాడు, ఎత్తుకుంటే అందుకుంటాడు. ఏ రాగమన్నది పాత్ర మనసును బట్టి తేలాలి. మోహనలో నిండుగా పలికే మాట ముఖారిలో కుంగిపోతుంది. పద్యం చివర రాగం తియ్యడం ప్రేక్షకుడికి ఇష్టం. ‘వన్స్‌ మోర్‌’ అన్న కేక పుట్టేది అక్కడే. కాని కృష్ణుడు కౌరవ సభలో నిలబడి యుద్ధం రాబోతోందని చెబుతున్నాడు. ఎదురుగా ధృతరాష్ట్రుడు ఉన్నాడు, పక్కన దుర్యోధనుడు కుతకుతలాడుతున్నాడు. రాగం ఎంతసేపు తీసినా ఆ హెచ్చరిక వాడి తగ్గకూడదు. రాగం మాటను మింగకుండా, మాట రాగాన్ని ఎండగట్టకుండా నడిపించడమే ఈ విద్య అంతా.

ఇదే విద్యార్థికి రెండో నాటకంగా ‘కన్యాశుల్కం’ ఇవ్వండి. 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కి, 1909లో బాగా పెరిగిన రూపంలో అచ్చయిన నాటకమది. ఇక్కడ రాగం లేదు, ఛందస్సు లేదు. ఉన్నదంతా మనుషుల మాట. గిరీశం కోతలకు ఒక వేగం, మధురవాణి జవాబుకు ఒక తూకం, రామప్పంతులు జంకుకు ఒక తడబాటు. పద్యనాటకంలో నటుడు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడతాడు. ఇక్కడ ఎదుటి పాత్ర వైపు తిరగాలి, వినాలి. విజయనగరం పలుకుబడిని నిజామాబాద్ పిల్ల, ఆదోని పిల్లవాడు నాలుక మీదికి తెచ్చుకోవాలి. పద్యంలో విరుపు వెతికిన అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. గిరీశం మాటల వరదలో శ్రోత నవ్వడానికి చోటెక్కడో, మధురవాణి ఎక్కడ ఒక్క క్షణం ఆగితే పంతులు ముఖం పాలిపోతుందో పద్యం మోసిన గొంతు తొందరగా పసిగడుతుంది.

ఈ విద్య ఇదివరకు కుటుంబాల్లో ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజంలో పిల్లలు తెర వెనకే పెరిగారు. తెరలు దించడం, గాలిలో బాణాలు ఢీకొట్టించడం, ‘మాయాబజార్‌’లో మాయలు చెయ్యడం వాళ్ళకు ఇంటిపని. ఆ వంశాల్లో పుట్టనివాళ్ళకు ఆ తలుపు తెరుచుకునేది కాదు. కళాశాల రంగస్థలం గొప్పతనం ఇక్కడే ఉంది. నాటకమంటే ఏమిటో ఎరగని ఇంటినుంచి వచ్చిన పిల్ల కూడా దరఖాస్తు పెట్టుకుని లోపలికి రావచ్చు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టిన కాలం నుంచి, ద్రౌపది పద్యాన్ని ఆడపిల్లే ఎత్తుకునే కాలం దాకా వచ్చాం. ఆ మార్పుకు చదువు కూడా దారి చేసింది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగాలి. ఆధునిక రంగస్థలం చదివిన బి.వి. కారంత్ సురభి కళాకారుల దగ్గరికి వెళ్ళి, బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా వాళ్ళచేత ఆడించారు. పౌరాణికాలకు అలవాటుపడ్డ గొంతులు బస్తీ కష్టాన్ని పాడి ఒప్పించాయి. పాత విద్య కొత్త కథను మోయగలదని అక్కడ రుజువైంది.

టికెట్ల అమ్మకం మీద బతకాల్సిన సమాజం ఒక్క పద్యం మీద వారాలు వెచ్చించలేదు. విశ్వవిద్యాలయం వెచ్చించగలదు. అక్కడ విద్యార్థికి తప్పుచేసే వెసులుబాటు ఉంది, శ్రుతి తప్పితే మళ్ళీ మొదలుపెట్టే రేపు ఉంది. మన నాటక విభాగాలు ఆ తీరికను వాడుకోవాలి. ప్రదర్శన రోజు ఊళ్ళోవాళ్ళం కూడా వెళ్ళి ముందు వరసలో కూర్చోవాలి. కొత్త గొంతు మొదటి పద్యం చివర వణుకుతూ నిలబడ్డప్పుడు, అది నిలబడిందని చెప్పాల్సింది మన చప్పట్లే.