మెథోట్రెక్సేట్: కీర్తనలో మరుగైన శాస్త్రం

యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో వచ్చే వ్యాసాలకు ఒక మూస ఏర్పడింది: భీమవరంలో పుట్టిన బీద పిల్లవాడు, అమెరికా ప్రయాణం, వరుసగా మందులు, రాని నోబెల్ బహుమతి. ఇందులో మెథోట్రెక్సేట్‌కు దక్కేది, ఆయన కేన్సరుకు మందు కనిపెట్టారన్న ఒక్క వాక్యం. గౌరవంతో రాసిన వాక్యమే. కాని ఆ మందు ఏం చేస్తుందో, ఎలా పుట్టిందో అది చెప్పదు.

అసలు కథ ఒక ఎదురుదెబ్బతో మొదలైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా రోగులకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అవి సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీలో తయారైనవే. అయితే ఆ విటమిను పనిని అడ్డుకుంటే? అందుకు పనికివచ్చే ఎమినాప్టెరిన్‌ను అదే సంస్థలో సీగర్ మొదలైన రసాయనవేత్తలు తయారుచేశారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమేనన్న మాట ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ ఎమినాప్టెరిన్‌కు తోబుట్టువు. రెండూ ఫోలిక్ ఆమ్లాన్ని పోలినవే. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము వీటిని తన అసలు పదార్థంకన్నా ఎంతో గట్టిగా పట్టుకుంటుంది, సులువుగా వదలదు. దాంతో డి.ఎన్.ఎ. తయారీకి కావలసిన ముడిసరుకు అందదు. త్వరత్వరగా విభజన చెందే కణాలు ముందు దెబ్బతింటాయి. అవి కేన్సరు కణాలే కానక్కరలేదు. ఎముక మజ్జ, నోటి లోపలి పొర కూడా ఆ కోవలోవే.

ఈ వివరం నిపుణులకు వదిలెయ్యదగ్గది కాదు. ఇదే మందును నేడు కీళ్లవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి వాడుతున్నారు. పొరపాటున రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. దానితోపాటు ఫోలిక్ ఆమ్లం బిళ్ల ఎందుకు రాస్తారో కూడా ఆ ఎంజైము సంగతి తెలిస్తేనే బోధపడుతుంది. స్వదేశంలోని తల్లిదండ్రుల మందులను ఫోనులో సరిచూసేవారు మన పాఠకుల్లో ఎందరో ఉన్నారు. వారికి సుబ్బారావు మనవాడన్న గర్వంకన్నా ఈ నాలుగు వాక్యాలు ఎక్కువ పనికివస్తాయి.

ఎన్నో చేతులను ఒక ప్రశ్నవైపు నడిపించడమే ఆయన ఘనత. ఒంటరి వీరుడిగా చిత్రిస్తే ఆ ఘనత పెరగదు, తరుగుతుంది.