అండదానము – సాఫల్యగణనము

శరీరమునకు వెలుపల ఫలదీకరణము నొందిన పిండమునుండి తొలి శిశువు 1978వ సంవత్సరమున ఇంగ్లండులో జనించెను. 1984 నాటికి అన్యస్త్రీ యొసగిన అండముతో గర్భము ధరించి శిశువును గనుటయు సాధ్యమయ్యెను. సంతానహీనుల దుఃఖము దీర్చు నీ విద్యను మేము నిందింపము. దానిని గూర్చి వెలువడు ప్రకటనలనే విమర్శింప బూనితిమి. వానిలో పెక్కింట సాఫల్యమన గర్భము నిలుచుటయే.

ప్రకటనలు చెప్పునది యసత్యము కాదు. 35 ఏండ్లు దాటిన పిదప స్త్రీ యండముల సంఖ్యయు గుణమును వేగముగా క్షీణించును. 43 దాటినచో స్వీయాండముతో చికిత్స ఫలించుట మిక్కిలి యరుదు. అన్యాండమైనచో ఫలితము ముఖ్యముగా అండమిచ్చిన యామె వయస్సు ననుసరించును. అందువలననే పెద్దవయస్సు వారికి అండదానము ఆశాజనకమైనది.

అయితే గర్భము నిలుచుట యొకటి, తల్లి క్షేమముగా ప్రసవించుట వేఱొకటి. గుర్రపువాతమునకు పూర్వరూపమైన ప్రీఎక్లాంప్సియా, స్వీయాండముతో ఇదే చికిత్స పొందిన వారికంటె అన్యాండముతో గర్భిణులైన వారికి సుమారు రెండు మూడు రెట్లు హెచ్చు. నెలలు నిండకమునుపే ప్రసవించుటయు హెచ్చే. ఇది వయోదోషము మాత్రమే కాదా యందురేమో! వయోభేదమును లెక్కించి తీసివైచినను అపాయము మిగులుచున్నది. స్వీయాండమున శిశువు సగము తల్లి రక్తమే. అన్యాండమున పిండమంతయు ఆమె దేహమునకు క్రొత్త. ఇదియే యొక కారణమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కవలలైనచో ప్రమాదము మఱింత పెరుగును. కావున ఒక్క పిండమునే ప్రవేశపెట్టుట మేలు. పెక్కుమంది క్షేమముగానే ప్రసవించుచున్నారు. మేము భయపెట్టుటకు గాదు, హెచ్చరించుటకే చెప్పుచున్నాము.

అండమిచ్చిన స్త్రీ యీ ప్రకటనలలో కానరాదు. ఆమెయు సూదిమందుల బాధ పడినదే. 2021 నాటి భారతశాసనము దాత వయస్సు 23 మొదలు 35 వఱకు ఉండవలెననియు, జన్మమున నొక్కసారియే, ఏడింటికి మించక, అండములు తీయవలెననియు విధించినది.

గొడ్రాలను నింద మోపునది లోకము. ఆ నిందకు వెఱచి గర్భరహస్యమును దాచునది కుటుంబము. ప్రాణము మాత్రము స్త్రీది. అండము పరులదన్న మాటను చుట్టములకడ దాచినను దాచవచ్చును. ప్రసవము చేయు వైద్యులకడ దాచుట మాత్రము తల్లికి ద్రోహము. వారు ముందే యెఱిగినచో తొలినాళ్లనుండియే రక్తపుపోటును కనిపెట్టి తగిన యౌషధ మియ్యగలరు. శిశువు నెత్తుకొని తల్లి తన కాళ్లపై నడచి యిల్లు సేరిననే సాఫల్యమని గణింపవలయును.