ఆది కొలతలతో కుట్టుకున్న విమానం

పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్ ముందు సీట్లో కూర్చోవడం ఒక విద్య. రెక్క తల మీద గొడుగులా ఉంటుంది. దాన్ని మోసే కమ్మీలు, బిగించిన తీగలు సీటు చుట్టూ పందిరి గుంజల్లా నిలబడి ఉంటాయి. ఏ కాలు ముందు పెట్టాలో, తల ఎప్పుడు వంచాలో, చెయ్యి దేనిమీద వెయ్యాలో విమానం యజమాని పక్కనే నిలబడి చెబుతుంటాడు. ఒక కాలు లోపలికి వెళ్లాక రెండోదాన్ని ఎటు మడవాలో తెలియక ప్రయాణికుడు కాసేపు కొంగలా ఒంటికాలి మీద ఉండిపోతాడు.

అమెరికాలో మినెసోటా రాష్ట్రం చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఈ విమానానికి రూపమిచ్చాడు. కలప, గుడ్డ, ఫోర్డ్ కారు ఇంజను. ప్లాను తెచ్చుకుని ఎవరైనా ఇంట్లో కట్టుకోవచ్చు. ఇప్పటికీ కడుతున్నారు. అయితే వెనక సీట్లో కూర్చునే పైలట్‌కి కూడా రెక్క అడ్డమే. అందుకని చాలామంది రెక్క నడిమి భాగంలో వెనక అంచుని కోసి, బందులు వేసి, పైకి మడిచే రెప్పలా మార్చుకుంటారు. ఎక్కేటప్పుడు లేపుతారు, ఎక్కాక దించుతారు. ఆ చిన్న రెప్ప లాంటి సౌకర్యాల గురించే ఈ వ్యాసం.

ఫ్యాక్టరీ విమానంలో ఇలాంటి కోత కొయ్యాలంటే అనుమతుల కాగితాలు కట్టలు కట్టాలి. ఇంట్లో కట్టిన విమానానికి ఆ బాధ చాలావరకు లేదు. చదువు కోసమో సరదా కోసమో కట్టుకునేవాడు పనిలో సగానికి పైగా తన చేతులతో చెయ్యాలన్నది అమెరికా నిబంధన. వాడుకలో దాన్ని 51 శాతం రూలు అంటారు. మిగతా సగం కిట్ అమ్మే కంపెనీ పెట్టెల్లో పంపిస్తుంది: వంచిన రేకులు, రంధ్రాలు పొడిచిన పట్టీలు, అతికించాల్సిన ఫైబర్ గ్లాసు భాగాలు. 1953లో పాల్ పొబరెజ్నీ విస్కాన్సిన్‌లో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ అభిరుచికి పెద్ద దిక్కు. ఏటా జులై చివర ఆష్‌కోష్ పట్నంలో జరిగే సంఘం జాతరకి వేల విమానాలు వచ్చి వాలతాయి. ఇంట్లో కట్టిన ప్రతి విమానానికీ ఎక్కే చోట 'ఎక్స్‌పెరిమెంటల్' అని కనీసం రెండు అంగుళాల అక్షరాలతో రాసి ఉండాలి. గుమ్మం దగ్గరే హెచ్చరిక అన్నమాట.

ఒక పోలిక చెబితే మనవాళ్లకి ఈ సంప్రదాయం ఇట్టే అర్థమవుతుంది. ఫ్యాక్టరీ విమానం రెడీమేడ్ బట్ట. దాని లెక్కల్లో మనిషంటే 170 పౌండ్లు, అంటే 77 కిలోల సగటు శాల్తీ. ఇంట్లో కట్టే విమానం ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకున్నది. ఇక్కడ దర్జీ మనమే, ఆది కూడా మన ఒళ్లే. కుట్టు చెడితే తిట్టుకోవాల్సింది మనల్నే.

రెక్క పైనా, కిందా

కిట్ విమానాల సౌఖ్యాన్ని పోల్చడం రెక్క ఎక్కడుందో చూడటంతో మొదలవుతుంది. పై రెక్క విమానాలకి జెనిత్ సి.హెచ్. 750, కిట్‌ఫాక్స్ మంచి ఉదాహరణలు. వీటికి కారులాగే పక్కన తలుపులుంటాయి. ముందు పిరుదులు సీటు అంచుకి ఆనించి, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది వరం. ఎండకి, వానకి రెక్కే చూరు. జెనిత్ రూపకర్త క్రిస్ హైంజ్ ఇందులో రెండు తెలివైన పనులు చేశాడు. ఒకటి, తలుపుల్ని బయటికి బుడగలా ఉబ్బించాడు. దాంతో 42 అంగుళాల క్యాబిన్ భుజాల దగ్గర 50 అంగుళాలవుతుంది. రెండోది, ఇద్దరి కాళ్ల మధ్యా విమానాన్ని నడిపే కర్ర, అంటే స్టిక్, చెరొకటి పెట్టకుండా, నడుమ ఒకే స్టిక్ నిలిపి దాని తలని పంగలకర్రలా రెండుగా చీల్చాడు. కాళ్లు లోపలికి తిప్పుకునేటప్పుడు అడ్డేమీ ఉండదు.

పై రెక్కకి దాని లోటు దానికుంది. నేలమీద తిరిగేటప్పుడు దాని అంచు సరిగ్గా నుదుటి ఎత్తులో ఉంటుంది. సెస్నా విమానాల్లో రెక్క వెనక కదిలే పలక, అంటే ఫ్లాప్, అంచు తగిలి నుదుటిమీద పడే గుర్తుని అక్కడి పైలట్లు 'సెస్నా వజ్రం' అని నవ్వుకుంటారు. మనవాళ్లయితే సెస్నా బొట్టు అనేవారేమో.

కింది రెక్క విమానాల్లో పేరున్నవి వ్యాన్స్ వారి ఆర్వీలు. ఆరిగన్ రాష్ట్రంలో రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ 1970ల్లో మొదలుపెట్టిన ఈ కుటుంబంలో ఇప్పటికి 11,000కు పైగా విమానాలు ఎగిరాయి. వీటిలో ఎక్కడమంటే మెట్టు మీద కాలు, రెక్క మొదట్లో అతికించిన గరుకు పట్టీ మీద రెండో కాలు, అక్కణ్ణించి సీటు మీద నిలబడి బావిలోకి దిగినట్టు దిగడం. కాళ్లు మీటర్ల ప్యానెల్ కిందికి జారాలి. ఫ్లాప్ మీద మాత్రం పాదం పడకూడదు. అందుకే కొందరు విమానం ఆపగానే ఫ్లాప్‌లని కిందికి దించి ఉంచుతారు. వాలిపోయిన దానిమీద ఎవరూ అడుగు వెయ్యరు కదా.

చక్రాల అమరిక కూడా ఇందులో వేలు పెడుతుంది. తోకచక్రం ఉన్న ఆర్వీ-7 తోక దించి కూర్చుంటుంది కనుక రెక్క వెనక అంచు నేలకి దగ్గరగా ఉండి ఎక్కడం తేలిక. ముక్కుచక్రం ఉన్న 7ఏ సమంగా నిలబడుతుంది. దాని రెక్క ఎత్తు, మెట్టు లేకపోతే కష్టం. ఏ విమానమైనా ఎక్కేటప్పుడు బరువు మన పక్షాన ఉంటుంది, దిగేటప్పుడు ఎదురు తిరుగుతుంది. అందుకని కిట్ కొనేముందు ఎక్కి చూడటం సగం పరీక్షే. రెండు గంటలు కూర్చుని, కాళ్లు పట్టేసిన తర్వాత ఎవరి సాయమూ లేకుండా దిగి చూడాలి.

తలుపా, మూతా?

ఆర్వీ-6, 7 కట్టేవాళ్ల మధ్య ఎన్నేళ్లయినా తెగని వాదం ఒకటుంది. కాక్‌పిట్ మీది అద్దంలాంటి మూత, అంటే కానోపీ, ముందుకి లేవాలా, వెనక్కి జరగాలా? కంపెనీ రెండిటినీ ఇస్తుంది, ఎంపిక కట్టేవాడిది. ముందుకి లేచేదానిలో కళ్ల ముందు అడ్డకమ్మీ ఉండదు, సామాను పెట్టడం, ప్యానెల్ వెనక వైర్లు చూసుకోవడం సులువు. కానీ నేలమీద నడిపేటప్పుడు దాన్ని బార్లా తెరవలేం. వెనక్కి జరిగేదాన్ని టాక్సీ చేస్తూ కూడా తీసి ఉంచవచ్చు. బుడగ కానోపీ కింద ఎండలో కూర్చోవడమంటే మే నెలలో రేకుల షెడ్డులో కూర్చోవడమే కనుక ఇది చిన్న లాభం కాదు. దానికి బదులుగా కళ్లముందు ఒక వంపు కమ్మీని భరించాలి.

నాలుగు సీట్ల ఆర్వీ-10కి రెక్కలు విప్పినట్టు పైకి లేచే తలుపులు. ఎక్కడం హాయి. కానీ వంపు తిరిగిన క్యాబిన్ మీదుగా గాలి వేగంగా పారేటప్పుడు బయట పీడనం తగ్గి, తలుపుని బయటికి లాగుతుంది. గొళ్లెం సరిగ్గా పడకుండా బయలుదేరితే తలుపు చేజారుతుంది. అందుకే రెండో గొళ్లెం, తలుపు పడలేదని చెప్పే దీపం పెట్టుకుంటారు.

తలకిందులైతే? కింది రెక్క విమానం నేలమీద బోర్లాపడితే కానోపీయే ఇరుక్కుపోతుంది. చేతికందే చోట దాన్ని పగలగొట్టే సుత్తి కట్టుకునేవాళ్లు అందుకే ఉన్నారు. లోపలికి వచ్చే దారి ఎంత సుఖంగా ఉందో లెక్క వేసేటప్పుడు బయటికి పోయే దారినీ అదే పద్దులో రాయాలి.

కూర్చున్నాక

షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కున్నవారికి అంగుళం విలువ చెప్పక్కర్లేదు. లోకమంతా ఎరిగిన సెస్నా 172 లోపలి వెడల్పు సుమారు 40 అంగుళాలు. ఆర్వీ-7 క్యాబిన్ 43, తర్వాత వచ్చిన ఆర్వీ-14 క్యాబిన్ 46, ఆర్వీ-10 క్యాబిన్ 48. మరి అందరూ వెడల్పుగానే ఎందుకు చెయ్యరు? ఒళ్లు పెరిగితే గాలికి ఎదురు నిలిచే ముఖం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

ఈ బేరంలో విమాన రూపకర్త బర్ట్ రూటాన్ మరో దారి తొక్కాడు. 1979లో ఎగిరిన అతని లాంగ్-ఈజీలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, పడక కుర్చీలో వాలినట్టు కూర్చుంటారు. స్టిక్ కుడిచేతి పక్కన ఉంటుంది. ఇంజను వెనక ఉండటంతో మనిషి లేనప్పుడు విమానం వెనక్కి పడిపోతుంది. అందుకని ముందు చక్రం ముడిచి, మేతకి వంగిన దూడలా ముక్కుని నేలకి ఆనించి ఉంచుతారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ 1987లో ఎగరేసిన పరిశోధన విమానం ఎల్.సి.ఆర్.ఏ. ఈ లాంగ్-ఈజీ ఆధారంగా కట్టినదే.

వాలి కూర్చోవడం నడుముకి సుఖమే, మోతాదు మించితే మెడకి శిక్ష. చూపు ముందుకే ఉండాలి కనుక వాలినకొద్దీ గడ్డం ఛాతీకి దిగుతుంది. తలకి దిండు లేకపోతే గంటలో మెడ పట్టేస్తుంది. మెత్త విషయంలోనూ ఇలాంటి కిటుకే ఉంది. మామూలు స్పాంజి మొదట హాయిగా ఉండి, కాసేపటికి అణిగిపోతుంది. విమానం గట్టిగా నేలని తాకితే అది ముందు కుంగి, తర్వాత ఎదురు తన్ని వెన్నెముకకి దెబ్బ పెంచుతుంది. నెమ్మదిగా కుంగి నెమ్మదిగా లేచే ప్రత్యేకమైన ఫోమ్‌ని అనుభవజ్ఞులు పొరలు పొరలుగా వేసేది అందుకే. అయితే మెత్త ఒక అంగుళం పెరిగితే తలకీ కానోపీకీ మధ్య ఖాళీ ఒక అంగుళం తరుగుతుంది.

అన్నిటికన్నా కఠినమైన పాఠం చెయ్యి అందడం గురించి. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరంలో తన లాంగ్-ఈజీ కూలి చనిపోయాడు. ఆ విమానం అతను కట్టింది కాదు, కొన్నది. ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకి మార్చే పిడి రూటాన్ ప్లానులో ఉన్న చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పాలంటే మెలి తిరగాలి. అలా తిరిగేటప్పుడు కాలు రడ్డర్ పెడల్‌ని నొక్కి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. తన సౌకర్యం కోసం మార్చుకునే స్వేచ్ఛ ఈ సంప్రదాయానికి ప్రాణం. ఆ స్వేచ్ఛతో చేసిన మార్పు తర్వాత కూర్చునే మనిషికి ప్రాణం మీదికి తెచ్చిందన్నది మరవకూడదు.

చెక్కపెట్టెలో కూర్చోవడం

అందుకే పాతకాపులు కిట్ పెట్టె విప్పకముందే ప్లైవుడ్‌తో, అట్టలతో ఉత్తుత్తి కాక్‌పిట్ ఒకటి కట్టుకుంటారు. చీపురుకర్ర స్టిక్, చెక్కముక్కలు పెడళ్లు. బెల్టు బిగించుకుని, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, సాయంత్రం రెండు గంటలు అందులో కూర్చుంటారు. తల మీద పిడికెడు ఖాళీ ఉందా? స్టిక్ నాలుగువైపులా పూర్తిగా తిప్పితే తొడకో పొట్టకో తగులుతోందా? భుజాల బెల్టు వదులు చెయ్యకుండా ప్రతి స్విచ్చీ అందుతోందా? కళ్లు మూసుకుని ట్యాంకు పిడి పట్టుకోగలరా? తగిలితే స్టిక్‌ని కొన్ని అంగుళాలు కోసుకోవచ్చు. ఆర్వీ-7లో సీటు వీపుని నేలమీది బందుల వరసల్లో ముందుకీ వెనక్కీ మార్చుకోవచ్చు. అట్టముక్క మీద దిద్దుకున్న తప్పుకి ఖర్చు లేదు. రివెట్లు కొట్టేశాక దిద్దాలంటే వారాలు పడుతుంది.

ఇక్కడ తొందరపడి వదిలేసే కొలతలు రెండున్నాయి. మొదటిది వయసు. విమానం కట్టడానికి ఏళ్లు పడుతుంది. యాభైలో మొదలుపెట్టినవాడు అరవైకి దగ్గరపడ్డాక ఎగురుతాడు. మోకాళ్లు ఈలోగా తమ లెక్క తాము చూసుకుంటాయి. రెండోది పక్క సీటు. కట్టినవాడు ఒళ్లు వంచి ఎలాగో దూరతాడు, అది తన బిడ్డ కనుక. భార్యో స్నేహితుడో ఒకసారి ఇబ్బందిపడి ఎక్కితే రెండోసారి ఏదో పని చెప్పి తప్పించుకుంటారు. ఆ తర్వాత ఆ రెండో సీటులో సామాను ప్రయాణిస్తుంది.

కేటలాగులో వేగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వెడల్పు చిన్న అక్షరాల్లో. గంటకి పది మైళ్లు ఎక్కువ పోయే విమానం కన్నా, 'పద, ఓ చుట్టు తిరిగొద్దాం' అంటే ఇంట్లోవాళ్లు వెంటనే చెప్పులేసుకునే విమానమే ఎక్కువ ఎగురుతుంది. కిట్ ఎంచుకునేటప్పుడు టేపు తీసుకెళ్లండి, పక్కన కూర్చునే మనిషినీ తీసుకెళ్లండి. ఆది ఇద్దరిదీ ఇవ్వాలి.