ఇంజనుకు గాలి, సారథికి సూచన

ఒక యంత్రమును దాని సహజస్థానమునుండి పెరికి వేరొక దేహమున నిలుపునపుడు, కంటికి కనబడు భాగములను బిగించుట సులభము. కాని ఆ యంత్రము పూర్వస్థానమున అడుగకయే పొందుచుండిన సౌకర్యముల నెరిగి, వానిని నూతనస్థానమున బుద్ధిపూర్వకముగా సమకూర్చుట కష్టము. మోటారుసైకిలు ఇంజనుతో చిన్నకారును స్వయముగా కూర్చుకొను ఆంగ్లదేశపు సంప్రదాయమునకు గల గౌరవమంతయు ఈ కష్టమునందే యున్నదని నా విశ్వాసము.

కొలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1952లో మార్క్ సిక్స్ అను కారును, 1957లో సెవెన్ అను కారును విడిభాగములుగా విక్రయించెను. సంపూర్ణమైన కారుపై విధింపబడు కొనుగోలుపన్ను, భాగములను కొని తానే కూర్చుకొనువానికి తప్పుచుండెను. 1973లో ఆ వెసులుబాటు తొలగినను అభిరుచి తొలగలేదు. ఆ యేటనే సెవెన్ నిర్మాణపు హక్కులు కేటర్‌హామ్ వారికి సంక్రమించెను. 1996లో వెలువడిన రాన్ ఛాంపియన్ గ్రంథము స్వల్పవ్యయముతో అట్టి కారును ఇంటనే నిర్మించు విధానమును బోధించెను. తరువాత యమహా ఆర్1, సుజుకీ హయబూసా వంటి మోటారుసైకిళ్ల ఇంజనులు, తేలికయగుటచేతను మహావేగమున తిరుగగలుగుటచేతను, ఈ నిర్మాతల మనస్సులను హరించెను.

ఇంచుమించు 200 కిలోల వాహనమును లాగుటకు పుట్టిన ఇంజను ఇచ్చట 500 కిలోలకు చేరువైన భారమును లాగవలెను. మోటారుసైకిలుపై ఎదురుగాలికి నేరుగా నిలిచిన రేడియేటరు కారు ముక్కులో ఇమిడిపోవును. చుట్టునున్న సందులను మూయనిచో గాలి దానిలోనుండి పోక ప్రక్కలనుండి జారిపోవును. అంతియకాక, ఈ ఇంజనులలో గేర్లకును క్లచ్చికిని ఇంజనుకును నూనె యొక్కటియే. కావున నీటితాపమునేగాక నూనెతాపమునుగూడ కొలుచుట యావశ్యకము.

ఈ తాపములను చూపు గేజికి సమాచారమందించు సెన్సారు వేడెక్కినకొలది దాని విద్యున్నిరోధము తగ్గును. అందుచే ముల్లు పైకి లేచును. దీనినుండి ఒక ప్రమాదము పుట్టుచున్నది: సెన్సారు తీగ తెగినచో నిరోధము అనంతమై, ఇంజను మరుగుచున్నను ముల్లు చల్లదనమునే చూపును. నీరంతయు కారిపోయినప్పుడుగూడ, తడిలేని సెన్సారు తక్కువతాపమునే తెలుపవచ్చును. నూనెగేజి అట్టి వేళ రెండవ సాక్షియై నిలుచును. ఇంధనమును ఇంజెక్షనుతో అందించు ఇంజనులలో కంప్యూటరుకై అమర్చిన సెన్సారుతీగకే గేజిని కలుపరాదు. గేజి లాగుకొను విద్యుత్తుచే కంప్యూటరు గ్రహించు కొలత చెడును. గేజికి దాని జతసెన్సారునే వేరుగా అమర్చవలెను.

ఒంటితీగ సెన్సారునకు ఇంజను లోహమే ఎర్త్. మరలకు టెఫ్లాన్ పట్టీని దట్టముగా చుట్టినను, రబ్బరుగొట్టపు నడుమ బిగించిన అల్యూమినియపు తునకలో సెన్సారునుంచినను ఆ మార్గము చెడును. అట్టి తునకనుండి ఎర్త్‌నకు ప్రత్యేకముగా తీగ లాగవలెను. ఇంజనునుండి చట్రమునకు లావైన ఎర్త్ పట్టీ యుండుట మరింత ముఖ్యము. హెడ్‌లైటు వేసినంతనే తాపపు ముల్లు కదలినచో, దోషము నీటియందుగాక ఎర్త్‌నందున్నదని గ్రహింపవలెను.

ఇక ఫ్యాను. రేడియేటరుకు బిగించిన ఉష్ణస్విచ్చి, దాని తరగతిననుసరించి, ఉదాహరణకు 92 డిగ్రీల వద్ద కలిసి 87 వద్ద విడిపోవును. ఈ అంతరమే లేనిచో ఫ్యాను క్షణక్షణము ఆగుచు తిరుగుచునుండును. నడచునపుడు ఎనిమిది, పది ఆంపియరులు కోరు ఫ్యాను, మొదలగు క్షణమున అంతకు పెక్కురెట్లు లాగును. ఆ ప్రవాహమును సున్నితమైన స్విచ్చిపై మోపక రిలేకు అప్పగించుట ధర్మము. బ్యాటరీ తీగ ఫ్యూజు గుండ రిలేలోని 30వ కొనకు చేరును; 87నుండి ఫ్యానుకు పోవును; 86నకు తాళముచెవి తిప్పినపుడు వచ్చు విద్యుత్తును, 85నుండి ఉష్ణస్విచ్చి ద్వారా ఎర్త్‌ను కలుపుదురు. తాళముతోడనే ఫ్యాను ఆగుటవలన చిన్నబ్యాటరీ రక్షింపబడును. ఫ్యూజు బ్యాటరీకి సమీపముననే యుండవలెను. తీగ ఒరిసి చట్రమునకు తగిలినపుడు, ఫ్యూజునకు ముందున్న భాగమును కాపాడువారెవరునులేరు. ఉష్ణస్విచ్చికి సమాంతరముగా చేతిస్విచ్చి నొకదానిని డ్యాషుబోర్డుపై అమర్చినచో, ఉష్ణస్విచ్చి విఫలమైనను సారథి ఫ్యానును తానే త్రిప్పగలడు. ఫ్యాను రేడియేటరు వెనుకనుండి గాలిని లాగుచున్నదో, ముందునుండి నెట్టుచున్నదో పరికింపవలెను. తీగలు తారుమారైనచో అది ఎదురుగాలితో కలహించును.

ఇన్ని అమర్చిన పిమ్మటను పరీక్ష మిగిలియున్నది. సెన్సారును గిన్నెలోని నీట ముంచి, దాని లోహదేహమునకు ఎర్త్ కల్పించి, నీటిని కాచుచు థర్మామీటరుతో గేజిని సరిచూచుకొనినవాడే ఆ ముల్లును విశ్వసించుట కర్హుడు. అసత్యమాడు గేజికంటె గేజిలేమియే మేలు; లేనిచోట మనుష్యుడు జాగరూకుడై యుండును, ఉన్నచోట నిశ్చింతుడై నష్టపోవును.

ఈ విద్య విలువ పొదుపునందుగాని వేగమునందుగాని లేదు. కర్మాగారము నుండి వచ్చిన కారున ఎవరో తలచిన తలపులను మనము అనుభవింతుము. ఇచ్చట ప్రతి తీగకును కారణమును నిర్మాతయే చెప్పుకొనవలెను. ఇంజను బిగిసి చక్రములు తిరుగునంతలో రోడ్డెక్కవలెనను తహతహ కలుగుట సహజము. వైరింగు తొందరపాటునకు బలియగునదియు ఆ దశయందే. గేజిలను, ఫ్యానును ఇంజనులో భాగములుగా భావించి, దానితోపాటే యోచించి, దానితోపాటే పరీక్షించి, ఆ పిమ్మటనే తాళము త్రిప్పుట ఉత్తమ నిర్మాత లక్షణము.