వంటగదిలో అమ్మ

ఈ పుస్తకం నేను కొనలేదు, మా టీమ్ లీడ్ ఇచ్చాడు. మా ఆఫీసు నాష్‌విల్‌లో. ఆయన ఏటా వేసవిలో తన చర్చి నుంచి ఓ పదిహేను మందిని వెంటబెట్టుకుని ఉగాండాలో ఒక అనాథాశ్రమానికి వెళ్ళొస్తాడు. పది రోజులు. గోడలకి రంగులేస్తారు, బైబిల్ కథలు చెప్తారు, పిల్లలతో ఫుట్‌బాల్ ఆడతారు. ఈసారి నన్నూ రమ్మన్నాడు. "నువ్వూ అలాంటిచోటే పెరిగావు కదా, నిన్ను చూస్తే ఆ పిల్లలకి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ఎప్పుడో లంచ్‌లో మాటల మధ్య, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నానని చెప్పాను. నేనన్నది హాస్టల్, ఆయన విన్నది అనాథాశ్రమం. అప్పుడు సరిదిద్దలేదు. బయల్దేరే ముందు అందరూ చదవాలని ఆయన పంచే పుస్తకం కేటీ డేవిస్ రాసిన 'కిసెస్ ఫ్రమ్ కేటీ'. మూడు రాత్రుల్లో అయిపోయింది. ఆ తర్వాత తిరిగిచ్చేయాలో, ఉంచుకోవాలో తేల్చుకోలేక వారం రోజులు కార్లో వేసుకు తిరిగాను.

పుస్తకం 2011లో వచ్చింది, బెత్ క్లార్క్‌తో కలిసి రాసింది. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కింది. కేటీ మా ఆఫీసుకి దగ్గర్లోనే ఉన్న బ్రెంట్‌వుడ్‌లో పెరిగిన అమ్మాయి. స్కూల్లో క్లాస్ ప్రెసిడెంట్, హోమ్‌కమింగ్ క్వీన్. 2006 డిసెంబరులో మూడు వారాలకని తల్లితో కలిసి ఉగాండా వెళ్ళింది. మరుసటి ఏడు చిన్నపిల్లలకి చదువు చెప్పడానికి మళ్ళీ వెళ్ళింది, జింజా ఊరి దగ్గరకి. 2008లో అమాజిమా అనే సంస్థ పెట్టింది. లుగాండా భాషలో ఆ మాటకి సత్యం అని అర్థం. పుస్తకం వచ్చేనాటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు, ఇంట్లో ఆమెను అమ్మా అని పిలిచే ఆడపిల్లలు పదమూడు మంది.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే ఉంది. పిల్లల పాదాల్లో దూరే పురుగుల్ని ఒక్కొక్కటే తవ్వి తీయడం, గజ్జికి మందు రాయడం, పేలు తీయడం, ఒకరి తర్వాత ఒకర్ని స్నానానికి నిలబెట్టడం. ఈ పేజీల్లో ఆమె వచనం గట్టిగా ఉంటుంది. తర్వాతి పేజీలో బైబిల్ వాక్యం వస్తుందని తెలిసినా అక్కడ మాత్రం మన కళ్ళు ఆ పాదం మీదే ఉంటాయి. పైగా ఆమె పది రోజుల యాత్రికురాలు కాదు. కాలేజీ కోసం ఒక సెమిస్టర్ ఇంటికెళ్ళినా వెనక్కొచ్చి అక్కడే ఉండిపోయింది. మా లీడ్ పంచే ఈ పుస్తకం నిజానికి ఆయన చేసే ట్రిప్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తుంది. ఆయనకది తట్టినట్టు లేదు.

నా ఇబ్బంది వాక్యాల దగ్గర మొదలైంది. ఉద్యోగం వల్ల లాగ్స్ చదివే జబ్బొకటి పట్టుకుంది నాకు. ఏదైనా జరిగితే అది ఎక్కడ మొదలైందో వెనక్కెళ్ళి చూస్తేగానీ తోచదు. ఈ పుస్తకంలో పిల్లలు ఆమె ఇంటికొచ్చే చోట్లన్నీ అలా వెనక్కెళ్ళి చూశాను. చాలాసార్లు కర్త దేవుడు. దేవుడు పంపాడు, దేవుడు ఇచ్చాడు. విశ్వాసికి అది సహజమైన భాషే, మా అమ్మా అలాగే మాట్లాడుతుంది. నా మొదటి జీతం ఆమె లెక్కలో దేవుడిచ్చిందే. కానీ ఆ మాటన్న మరుక్షణం, ఇంటర్‌కి ఫీజు కట్టిన మావయ్య గురించీ, తనని పనిలోకి తీసుకెళ్ళిన పక్కింటామె గురించీ కూడా చెప్తుంది. దేవుడు ఇచ్చాడంటే ఎవరి చేత ఇప్పించాడో చెప్పకుండా ఉండలేదు. కేటీ వాక్యంలో ఆ మధ్యవాళ్ళు తొందరగా మాయమైపోతారు. మామ్మలు, పిన్నులు, పక్కింటివాళ్ళు ఒక వాక్యంలో కనిపిస్తారు, రెండు వాక్యాల తర్వాత పాప ఆమె ఒళ్ళో ఉంటుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు? నెలకి ఎంతుంటే ఈ పాపని మీరే ఉంచుకోగలరు అని ఎవరైనా అడిగారా?

ఆ ప్రశ్న ఆమెకి తెలీదని కాదు. అమాజిమా స్పాన్సర్‌షిప్ పద్ధతే అది. పిల్లలు బంధువుల ఇళ్ళలోనే ఉంటారు, ఫీజూ తిండీ సంస్థ చూస్తుంది. అది పుస్తకంలోనే ఉంది. కానీ వివరంగా కొంత మేర వచ్చి పోతుంది. పుస్తకం గుండె మాత్రం ఇంటికొచ్చిన పిల్లల దగ్గరే కొట్టుకుంటుంది. ఎక్కువమంది పిల్లలకి పనికొచ్చిన సంగతి చదవడానికి బోరుగానూ, ఒక అమ్మాయి పదమూడు మందికి తల్లవడం కథగానూ తయారయ్యాయి. ఇది కేటీ ఒక్కదాని తప్పనను. కథలు చదివే మనందరి అలవాటు కూడా.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ట్రస్టు నడిపే హాస్టల్లో ఐదు నుంచి పది దాకా చదివాను. నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్ళేది, నెలకో ఆదివారం నన్ను చూడ్డానికొచ్చేది. 2001లో, నేను ఏడో తరగతి, అమెరికా నుంచి ఒక టీమ్ వచ్చింది. రెండు వారాల ముందు నుంచీ మాకు పాటల ప్రాక్టీసు. ఆ ఆదివారం ఎవరూ రావద్దని పెద్దవాళ్ళకి కబుర్లు పంపారు. మా ఊరికి కబురు అందలేదో, అందినా అమ్మకి చెప్పేవాళ్ళు లేకపోయారో, జంతికల డబ్బాతో వచ్చేసింది. వార్డెన్ ఆమెను తిప్పి పంపలేదు, మంచివాడే. వెనక గుమ్మం నుంచి వంటగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఊరికే కూర్చోలేక అమ్మ వంటవాళ్ళతో కలిసి ఉల్లిపాయలు తరిగింది. ఆ కిటికీలోంచి హాలు కనిపిస్తుంది. మేం చేతులూపుతూ ఇంగ్లీషు పాట పాడాం. పాటయ్యాక ఒక పెద్దావిడ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. నేను అబద్ధమేమీ చెప్పలేదు. "అడిగితే ఏం చెప్పొద్దురా, నవ్వు చాలు" అని వార్డెన్ ముందే అన్నాడు. భోజనాలయ్యాక వాళ్ళు వంటగదిలోకి కూడా వెళ్ళి వండినవాళ్ళందరికీ థాంక్స్ చెప్పారు. ఆ పెద్దావిడే మా అమ్మకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. వ్యాన్ వెళ్ళిపోయాక అమ్మ నన్నడిగింది ఒక్కటే, "నిన్ను పట్టుకుని అంత ఏడ్చిందేంరా ఆమె, పాపం ఏమైందంట?"

లెక్క ప్రకారం వార్డెన్ మోసం చేయలేదు. యూనిసెఫ్ నిర్వచనంలో తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. 2015 అంచనాలో ప్రపంచం మొత్తమ్మీద అలాంటి పిల్లలు దాదాపు 14 కోట్లు. ఇద్దర్నీ పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో కోటీ 51 లక్షలు. నేను చూసిన బ్రోషర్లలో పెద్ద అంకె ఉంటుంది, చిన్నది ఉండదు. మన మాటలో అయితే అసలు తల్లీతండ్రీ ప్రసక్తే లేదు, నాథుడు లేనివాడు అనాథ, అంటే దిక్కులేనివాడు. నా దిక్కు ఆ పూట ఉల్లిపాయలు తరుగుతోంది.

ఈ పుస్తకం పక్కన పెట్టి చదవాల్సింది నోవయోలెట్ బులవాయో నవల 'వి నీడ్ న్యూ నేమ్స్'. 2013లో వచ్చింది, ఆ ఏడు బుకర్ షార్ట్‌లిస్టులో ఉంది. జింబాబ్వేలో ప్యారడైజ్ అని పేరున్న ఒక రేకుల గుడిసెల పేట. పదేళ్ళ డార్లింగ్ కథ చెప్తుంది. ఒక రోజు ఎన్జీవో లారీ వస్తుంది. పిల్లలు గెంతుతారు, పాడతారు. వచ్చినవాళ్ళలో ఒకడు ఫోటోలు తీస్తుంటాడు. మాసిన ఒళ్ళు, చిరిగిన బట్టలు ఫోటోలో పడటం పిల్లలకి ఇష్టముండదు. అయినా ఏమీ అనరు, ఫోటోల తర్వాత బహుమతులుంటాయి కాబట్టి. చిరుగు దాచుకోబోయే పిల్లాణ్ణీ, కడుపుతో ఉన్న చిన్నపిల్లనీ కెమెరా వదలదు. నవలకీ ఆత్మకథకీ పోలికేంటని అడగొచ్చు. రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఒకే సన్నివేశం, పిల్లలూ వచ్చినవాళ్ళూ ఎదురుపడటం. బులవాయో దగ్గర చూసేది పిల్ల. ఆ పిల్ల వెటకారం, ఆశ, సిగ్గు అన్నీ ఉంటాయి, కృతజ్ఞత మాత్రం ఆఖర్న. కేటీ దగ్గర పిల్లలు ప్రేమిస్తారు, ప్రార్థిస్తారు, నవ్వుతారు. మనసులో లెక్కలేసుకోవడం అరుదు. నేనైతే వేసుకున్నాను. ఆ పెద్దావిడ ఏడుస్తుంటే నా ధ్యాసంతా ఆమె బ్యాగులోంచి తొంగిచూస్తున్న కలర్ పెన్సిళ్ళ మీద.

కేటీ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం, ఆమెకి బాధ కలిగించిన భాగమే. తన దగ్గర పెరుగుతున్న ఒక చిన్నపాప కన్నతల్లి తిరిగొస్తుంది, పాప ఆమె దగ్గరికి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా సాఫీగా నడిచిన 'దేవుడిచ్చాడు' వాక్యం అక్కడ ఇరుక్కుంటుంది. ఇచ్చినవాడు మరి ఎందుకు తీసుకున్నాడు? ఆమె దుఃఖం నిజమైనది, కాగితం మీద తడి తెలుస్తుంది. కానీ నేను వెతికింది ఆ రెండో మనిషిని. ఇన్నాళ్ళూ ఆ కన్నతల్లి ఎక్కడుంది, ఏం పని చేసింది, ఎలా నిద్రపోయింది? పుస్తకం మొత్తంలో కేటీకి సమానమైన హక్కుతో పేజీలోకొచ్చిన మనిషి ఆమె. రచయిత్రి ఆమెతో గట్టిగా కూర్చుని మాట్లాడి ఉంటే ఇది గొప్ప పుస్తకం అయ్యేది. ఆ అధ్యాయం మనకి మిగిల్చేది మాత్రం ఖాళీ అయిన ఉయ్యాల లాంటి బాధ, ఒక వైపుది మాత్రమే.

ఇవన్నీ కేవలం శైలి గురించిన ఫిర్యాదులైతే ఇంత రాయను. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాలు 154 నుంచి 269కి పెరిగాయి. ఆ ఐదేళ్ళలో యుద్ధమేమీ రాలేదు. వచ్చింది పర్యాటకులూ, వాలంటీర్లూ, విరాళాలూ. ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో సుమారు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడ్డానికొచ్చేవాళ్ళుంటే చూపించడానికి పిల్లలు కావాలి, పేద ఊళ్ళలో వాళ్ళు దొరుకుతారు, చదువు చెప్పిస్తామంటే చాలు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసే క్రమంలో, అనాథాశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ కోవలోనే గుర్తించింది. ఇది జరగడానికి ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. మా వార్డెన్ కాదు, ఆ పెద్దావిడ అసలే కాదు.

ఈమధ్య హైదరాబాద్ మిత్రులతో ఈ విషయం ఎత్తితే వెంటనే 'వైట్ సేవియర్' అంటున్నారు. టెజు కోల్ 2012లో అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసంతో బాగా వాడుకలోకొచ్చిన మాట. అదే జింజాలో రెనీ బాక్ అనే అమెరికన్ నడిపిన పోషకాహార కేంద్రం గురించి హెచ్‌బీవో 2023లో 'సేవియర్ కాంప్లెక్స్' అని మూడు భాగాల డాక్యుమెంటరీ తీసింది, అదీ చూశాం. మాట నిజమే. కానీ మా వాళ్ళు దాన్ని అనే తీరులో ఒక సుఖం ఉంది, అది నాకు మింగుడు పడదు. వాళ్ళ తాతలకి మిషన్ కాంపౌండ్ గేటు అవసరం పడలేదు. కళ్యాణరావు 'అంటరాని వసంతం' చదివినవాళ్ళకి ఆ గేటు మాలమాదిగలకి ఎందుకు తెరిచిన తలుపులా కనిపించిందో తెలుసు. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ హాస్టల్లో. బుధవారం బుధవారం గుడ్డు తిన్నది అక్కడ. నా ఫోటో మీద వచ్చిన డబ్బు తిన్నగా అమ్మ చేతికే ఇచ్చుంటే ఈ ఉద్యోగం దాకా వచ్చేవాణ్ణా? ఊళ్ళో హైస్కూలు లేదు. నేను రాత్రుళ్ళు ఎన్నోసార్లు వేసుకున్న లెక్క ఇది, ఇంతవరకు తేలలేదు. అమ్మనడిగితే, "అయ్యన్నీ ఇప్పుడెందుకురా" అంటుంది.

పోయిన సోమవారం పుస్తకం తిరిగిచ్చాను. ఎలా ఉందన్నాడు మా లీడ్. కన్నతల్లి వచ్చే అధ్యాయం బాగుందన్నాను. "ఏ తల్లి?" అన్నాడు. నాలుగుసార్లు చదివాడట. కాఫీ మెషీన్ దగ్గర నిలబడి పేజీ తీసి చూపించాను. అక్కడే చదివాడు, కాఫీ చల్లారిపోయింది. నేను అనాథాశ్రమంలో పెరగలేదనీ, మా అమ్మ ఒంగోల్లో ఉంటుందనీ, నిన్న రాత్రే వీడియో కాల్ మాట్లాడాననీ అప్పుడు చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. కాసేపటికి, నువ్వొస్తే అక్కడ ఏం చేయాలనుకుంటావు అనడిగాడు. ఆ పిల్లల ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళని కలవొచ్చేమో కనుక్కోమన్నాను. మెయిల్ పెట్టాడు, నన్ను కాపీలో ఉంచాడు. తొమ్మిది రోజులైంది, అక్కణ్ణుంచి ఇంకా జవాబు రాలేదు.