కార్మిక చట్టాలు - ఉత్పాదకత

కార్మిక సంఘాలకు చట్టం అండగా నిలిస్తే పరిశ్రమల ఉత్పాదకత కుంటుపడుతుందనే వాదం మన దేశంలో చాలకాలంగా ప్రచారంలో ఉన్నది. దానికి పండిత ప్రతిష్ఠ సమకూర్చినది 2004లో బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు ప్రకటించిన వ్యాసం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి రాష్ట్రాలు చేసుకున్న సవరణలను వారు కార్మికానుకూలం, యాజమాన్యానుకూలం అని విభజించి, మొదటి తెగ రాష్ట్రాలలో ఉత్పత్తి వెనుకబడిందని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌ను రెండవ తెగలో చేర్చారు.

విమర్శకుడు ముందుగా పరీక్షించవలసినవి పదాలు. "కార్మికానుకూలం" అనే మాట దేనిమీద నిలిచింది? ఆదిత్య భట్టాచార్జీ చూపినట్లు, గుజరాత్‌కు ఆ ముద్ర పడింది 1973 నాటి ఒకే ఒక సవరణ వల్ల. సంయుక్త యాజమాన్య మండలికి ప్రతినిధులను నియమించని యజమానికి రోజుకు 50 రూపాయల జరిమానా - అంతే! ఇంత చిన్న ఆధారంమీద అంత పెద్ద సిద్ధాంతం నిలుస్తుందా?

ఇక "ఉత్పాదకత" అనే రెండవ పదానికి శ్రీశైలమే గీటురాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్టకు కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాలున్నవి. కంట్రాక్టు కూలీలకంటూ దేశంలో ప్రత్యేక చట్టం వచ్చింది 1970లో. అప్పటికే ఇక్కడ పనులు సాగుతున్నవి. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు కోల్పోయారు, ఉత్పత్తి ఆగిపోయింది. ఆనాడు యంత్రాలను ఆపింది సమ్మె కాదు. ఆ 9 మందిని ఉత్పాదకత లెక్కలో ఏ గడిలో వేస్తారు?

సంఘాలు తప్పే చేయవని కాదు. పార్టీకొక సంఘంగా చీలి పోట్లాడుకుంటే నష్టపోయేది కార్మికుడే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, నూటికి 51 మంది మద్దతుగల సంఘానికి యాజమాన్యంతో సంప్రదించే హక్కు ఇవ్వడం మంచిదే. కాని పూర్వం విద్యుత్తువంటి ప్రజోపయోగ సేవలకే ఉండిన సమ్మె నోటీసు నియమాన్ని అన్ని పరిశ్రమలకూ విస్తరింపజేసింది. సగంమంది కలిసి సెలవు పెట్టినా సమ్మెయే అన్నది. 100 మంది కార్మికులున్న పరిశ్రమ మూసివేతకు కావలసిన ప్రభుత్వానుమతిని 300 మందికి పెంచింది. ఒక చేత్తో ఇచ్చి రెండవ చేత్తో తీసుకోవడమంటే ఇదే.

"ఇక్కడ ప్రమాదమున్నది" అని ఉద్యోగం పోతుందనే భయం లేకుండా చెప్పగల కార్మికుడు ఉత్పత్తికి రక్షకుడు గాని శత్రువు కాడు. ఆ నోటికి బలమిచ్చేది సంఘం. సంఘానికి బలమిచ్చేది చట్టం. అంకెల వెనుక మనిషిని మరుగుపరచే భాషను పరీక్షించడం అభ్యుదయ రచయితల బాధ్యత.